ఆభరణాల రిజిస్టరులో ఆపిల్ పళ్ళు

దేవాదాయ శాఖలో నా ఆఖరి పోస్టింగు తిరువూరు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుందనగా ఒక ఎండాకాలంలో వచ్చి, చుట్టుపక్కల చిన్న ఆలయాలన్నిటికీ కలిపి గ్రేడ్ త్రీ కార్యనిర్వహణాధికారిగా చార్జి తీసుకున్నాను. ఊరివాళ్ళ నోట్లో ఈవో గారు. ఈవో అంటే పూజారి అనుకుని నా కాళ్ళకు దండం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. హుండీ లెక్కింపు, మాన్యం కౌలు, కరెంటు బిల్లు, చెప్పుల స్టాండు వేలంపాట నావి. గర్భగుడి గడప దాటాక మాట అర్చకుడిది. ఈ హద్దు తెలియని ఈవో ఎక్కడా సుఖపడడు.

ఆ ఆషాఢంలో మా అమ్మవారి గుడిలో మొదటిసారి శాకంబరి అలంకారం తలపెట్టాం. మూడు రోజులు అమ్మవారిని కూరగాయలతో, పళ్ళతో అలంకరిస్తారు. చివర్న వాటిని దించి భక్తులకు ప్రసాదంగా పంచుతారు. బెజవాడలో చేస్తుంటే మనకేం తక్కువని ఊరు పట్టుబట్టింది. పెనుగొలను నుంచి పచ్చ వంకాయలు, బెండకాయలు, ఎ.కొండూరు నుంచి సొరకాయలు, బీరకాయలు ఆటోల్లో దిగాయి. భక్తికి లోటు లేదు గానీ రంగుకే వచ్చింది కరువు. ఎటు చూసినా పచ్చే. పోనీ టమాటాలు పెడదామంటే ఆ నెల వాటి ధర వింటేనే కళ్ళు తిరుగుతున్నాయి. ఒక్క రైతూ గంపెడు టమాటాలు దించిన పాపాన పోలేదు.

అలంకారం బాధ్యత వరలక్ష్మి తీసుకుంది. విస్సన్నపేట నుంచి తిరువూరు దాకా పెళ్ళి స్టేజీలు అలంకరించే మనిషి. గుడిపని ఊరికే చేస్తానంది. ఊరికే అంటే పూర్తిగా ఊరికే కాదు. శ్రావణం ముహూర్తాలు దగ్గర్లోనే ఉన్నాయి, గుళ్ళో పేరొస్తే సీజనంతా ఆమెదే. ఆ మాట ఆమే దాచుకోకుండా చెప్పింది. పేరు చెడితే తన గతేమిటో కూడా ఆమెకు తెలుసు.

గర్భగుడి లోపల ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు కాబట్టి కట్టేది ప్రధాన అర్చకులు శర్మగారు, గడప బయట నిలబడి చెప్పేది వరలక్ష్మి. “కొంచెం ఎడమకండీ. అబ్బే, అంత కాదు. ఆ పొట్లకాయ వంకర బయటికి తిప్పండి.” డెబ్భై ఏళ్ళ శర్మగారు జీవితంలో అన్ని ఆజ్ఞలు ఎప్పుడూ విని ఉండరు. మొత్తం కట్టాక ఆమె వెనక్కి జరిగి చూసి పెదవి విరిచింది.

“పచ్చ మీద పచ్చ పెడితే తల్లి తోటలో తప్పిపోయినట్టుంది సార్. పచ్చచీర కట్టినా బొట్టు ఎర్రగానే ఉండాలి కదండీ. బొట్టంత ఎరుపు, సరైన చోట, అంతే” అని పెళ్ళి స్టేజీల సామాను సంచీలోంచి ఎర్రటి ఆపిల్ పళ్ళు తీసింది. నిగనిగలాడుతున్నాయి. శర్మగారు ఒకటి చేతిలోకి తీసుకున్నారు. బరువు లేదు. గోరుతో తట్టారు. టక్కుమంది.

“ప్లాస్టిక్కా? తినలేని పండు అమ్మవారికెలా పెడతానమ్మా!” అన్నారు.

వరలక్ష్మి తడుముకోలేదు. “అమ్మవారి వడ్డాణం మాత్రం ఎవరైనా తింటున్నారా అండీ? పళ్ళెంలో పెడితే నైవేద్యం, ఒంటికి పెడితే నగ.”

నేను నవ్వు ఆపుకోలేక హుండీ వైపు తిరిగాను. శర్మగారు కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, నగలంటే నగలేనని ఒప్పుకున్నారు. అయితే అన్ని నగల్లాగే సాయంత్రం దించి పెట్టెలో పెట్టి తాళం వేయాలి, పొద్దున్నే ఆమె వచ్చి మళ్ళీ అందివ్వాలి అని షరతు పెట్టారు. విసిగిపోయి మానేస్తుందని ఆయన ఎత్తు. ఆమె “అలాగేనండి” అంది. అప్పుడాయన నా వైపు తిరిగి, “మరి ఈవో గారూ, నగలైతే మీ రిజిస్టరుకెక్కాలిగా?” అన్నారు. నా గొంతులో వెలక్కాయ పడింది.

ఆలయానికి వచ్చిన ప్రతి నగా ఆభరణాల రిజిస్టరులో ఎక్కాలి: వస్తువు, లోహం, బరువు, దాత. ఎక్కించకపోతే నా ఉద్యోగానికే ముప్పు. ఆపిల్ పళ్ళను ప్రసాదాలు వండే పోటులో త్రాసు మీద పెట్టి తూచాను. లోహం అన్న గడిలో ‘ప్లాస్టిక్’ అని రాస్తుంటే నా సర్వీసంతా కళ్ళ ముందు తిరిగింది. ఖర్మ అనుకుని సంతకం పెట్టాను.

తెర తీశాక మాత్రం చెప్పకుండా ఉండలేను, అమ్మవారు వెలిగిపోయింది. ఆ ఎరుపు చూసి ముఖం మీదికే వెళుతుంది కన్ను. నేనూ లెంపలేసుకున్నాను.

చిక్కు మూడో రోజున వచ్చింది. బెండకాయల కొసలు నల్లబడ్డాయి, బీరకాయలు నీరసించి వేలాడుతున్నాయి. ఆపిల్ పళ్ళు మాత్రం కొత్త పెళ్ళికూతురి బుగ్గల్లా ఉన్నాయి. ఒక టీచరమ్మ అది గమనించి, “చూశారా, ఒక్క పండు వాడలేదు! తల్లి మహిమ!” అంది. ఇంకేముంది. మధ్యాహ్నానికల్లా విస్సన్నపేట నుంచి షేర్ ఆటోలు బారులు తీరాయి. ఒక ముసలమ్మ ఆ పళ్ళ వైపు చేతులు చాచి కన్నీళ్ళు పెట్టుకుంది.

ఉత్సవ కమిటీ పెద్ద ఒకాయన నా చెవిలో, “మనం నోరెత్తకపోతే చాలు సార్, హుండీ అదే నిండుతుంది” అన్నాడు. కుదరదన్నాను. ఎవడో ఒకడు ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూస్తే ప్లాస్టిక్ అతుకు కనిపిస్తుంది, అప్పుడు పరువు పోయేది గుడిది. వరలక్ష్మి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. “ఇప్పుడు నిజం తెలిస్తే అమ్మవారి పేరు చెప్పి మోసం చేశానంటారు సార్. ఇక నన్ను ఏ పెళ్ళికీ పిలవరు. ఎవరూ చూడకుండా తీసేయించండి” అని బతిమాలింది. ఎవరూ చూడకుండా తీయడానికి అక్కడ సందెక్కడ? తీస్తే పళ్ళు మాయమయ్యాయని అదింకో మహిమ అవుతుంది!

శర్మగారు హారతి పళ్ళెం కింద పెట్టి మైకు అందుకున్నారు. వరలక్ష్మి స్తంభం చాటుకు వెళ్ళిపోయింది.

“అమ్మా, ఆ ఎర్రవి పళ్ళు కావు. అమ్మవారి నగలు. ప్లాస్టిక్కుతో చేసినవే, మన వరలక్ష్మి సమర్పించింది, ఈవో గారు మొదటి రోజే రిజిస్టరులో రాశారు. నగలు వాడవు. వాడిపోయినవి మీరు తెచ్చిన బెండకాయలు, అవే ప్రసాదం. మహిమ వాటిలో ఉంది, పట్టుకెళ్ళి పులుసు పెట్టుకోండి.”

అందరికంటే ముందు, ఇందాక ఏడ్చిన ముసలమ్మే గొంతెత్తింది. “ఏదీ ఆ వరలక్ష్మి? ఇలా రావే! ఎక్కడ కొన్నావే ఇవి, అచ్చం నిజం పళ్ళల్లే ఉన్నాయి! శ్రావణంలో మా మనవరాలి పెళ్ళి, స్టేజీ నువ్వే కట్టాలి.” జనం గొల్లున నవ్వారు. స్తంభం చాటు నుంచి వరలక్ష్మి ఏడుస్తూ, నవ్వుతూ వచ్చింది. టీచరమ్మ తనకు ముందే అనుమానం వచ్చిందని పక్కావిడతో చెబుతోంది. బెండకాయల కోసం తోపులాట జరిగి, బారికేడ్లు నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

నేను రిటైరయ్యేటప్పుడు నగలన్నీ సరిచూసి కొత్త ఈవోకు అప్పగించాలి. తనిఖీకి వచ్చిన అధికారి ముక్కుపుడకలు, హారాలు దాటుకుంటూ వచ్చి, లోహం గడి దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి నా ఆరోగ్యం అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన ఆపిల్ పళ్ళు కూడా తూచి, “సరిపోయింది” అని రాసి సంతకం చేశారు.

ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నాకు పనికొచ్చిన నియమాలు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి: ఏ వస్తువునైనా మొదటి రోజే ఉన్నదున్నట్టు రాసిపెట్టుకుంటే, మూడో రోజు అబద్ధమాడే పనుండదు.