చీటీ మడిచి ఇచ్చే మార్కు

మధ్యాహ్నం పూట కరెంటు పోతే మా గదిలో మొదట కంప్యూటర్ ఫ్యాను ఆగుతుంది. తర్వాత నెమ్మదిగా పైనున్న ఫ్యాను నిలబడుతుంది. ఆ రెండూ ఆగాక, నా కుర్చీ వెనక ఎవరో సుద్దముక్కను బొటనవేలితో రుద్దుతున్న చప్పుడు వినిపిస్తుంది. వెంటనే వాసన. దర్జీలు బట్ట మీద గీతలు గీసుకునే చదునైన సుద్ద ఉంటుంది చూడండి, దాని వాసన. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. సుద్దముక్క నా బల్ల సొరుగులో ఉంది, సొరుగు మూసి ఉంది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా ప్రతిసారీ తిరిగి చూస్తాను. కరీంనగర్‌లో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇన్వర్టర్ పెట్టించమని మా ఆయన పోరు పెడుతూనే ఉన్నాడు. నేనే వాయిదా వేస్తున్నాను. అది పెట్టిస్తే ఆ చప్పుడు ఇక వినపడదేమోనని నా భయం.

నేను వీడియో గేములు ఆడి, అవి ఎలా ఉన్నాయో తెలుగులో రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేస్తాను. ఇదీ ఒక పనేనా అని మా ఖానాపూర్ చుట్టాలు ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ అడుగుతారు. చిత్రమేమిటంటే, ఈ పని నాకు నేర్పిన సుజాతక్క తన జన్మలో ఒక్క గేమూ ఆడలేదు. ఆమెది సిరిసిల్లలో మరమగ్గాల కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. చాలా ఏళ్లు ఒక బట్టల వ్యాపారి దగ్గర నేసిన తానుల్లో తప్పులు పట్టే పని చేసింది. గేముల సమీక్షల వెబ్‌సైటు పెట్టింది ఆమె తమ్ముడు నరేష్. అతను జ్వరమని మూడు రోజులు పడుకుని పోయాడట. తమ్ముడి సైటును మూసెయ్యడానికి చేతులు రాక, ఆ ఉద్యోగం మానేసి అక్కే దాన్ని నడుపుతూ వచ్చింది.

నేను ఉద్యోగం కోసం మొదటిసారి వెళ్లేసరికి ఆఫీసు హుజూరాబాద్‌లో ఒక విత్తనాల దుకాణం పైగదిలో ఉండేది. గోడకు నరేష్ ఫొటో. తెరకు పైనా కిందా పాత క్యాలెండర్ కాగితాలు అంటించి ఉన్నాయి. సుజాతక్క గేము అప్పటికే మొదలుపెట్టి ఉంచింది. పేరు కనపడదు, ఎవరు తయారుచేశారో కనపడదు.

"కూసో. ఆడు."

"పేరేంది అక్కా దీనిది?"

"పేరుతోని నీకేం పని?"

ఆడాను. ఆమె నా వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. చేతిలోని సుద్దను బొటనవేలితో రుద్దుతున్న చప్పుడొకటే. నా మెడ మీద ఎవరి చూపో ఆనినట్టుండేది. అప్పుడప్పుడు చెయ్యి చాచి, నా పక్కనున్న బల్ల అద్దం మీద ఒక గీత గీసేది. గంట తర్వాత ఎన్ని మార్కులిస్తావని అడిగింది. ఎనిమిది అన్నాను. ఎందుకంటే, బాగుంది కాబట్టి అన్నాను.

"నీకు బాగున్నదా, అది బాగున్నదా?"

నేను నోరు తెరిచేలోగా ఆమె గీతల మీద వేలు పెట్టి లెక్క చెప్పడం మొదలుపెట్టింది. "గీడ తొవ్వ దొరకక తిరిగినవ్. గీడ ఇసుక్కున్నవ్. గీడ ఫోన్ చూసుకున్నవ్. గిన్ని తప్పులు నీ మొకంల కనవడ్డయి. మార్కులల్ల ఒక్కటి కనవడలే."

ఉద్యోగం రాదనుకున్నాను. ఆమె మాత్రం చాయ్ తెప్పించి, తానుల పని గురించి చెప్పింది. ప్రతి తానుకూ నేసినవాళ్ల పేరుతో ఒక చీటీ ఉంటుందట. కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీదికి తానును లాగే ముందు ఆ చీటీని లోపలికి మడిచెయ్యాలి. అది అక్కడి పద్ధతి. బట్టంతా చూసి, పోగు తెగిన చోటల్లా సుద్దతో గుర్తుపెట్టి, ఏ రకమో రాశాకే చీటీ విప్పాలి. ఒకసారి చీటీ విప్పితే వాళ్ల బాపు, అంటే నాన్న, పేరే ఉందట. ఆ తానును మూడో రకమని అప్పటికే రాసేసింది. ఆ రాత్రి ఇంట్లో బాపు ఆమెతో మాట్లాడలేదు. పొద్దున లేచి మగ్గం బిగించుకున్నాడు.

"చీటీ మడువకుంటే నేను మొదటి రకమే రాస్తుంటి. బాపు గా తప్పే మల్ల మల్ల నేస్తుండె," అంది.

అందుకే మా ఆఫీసులోనూ మార్కు వేయడానికి ముందు చీటీ మడవడం, అంటే గేము పేరూ చేసినవాళ్ల పేరూ దాచడం, తప్పనిసరి. పెద్ద కంపెనీలు టోపీలు, చొక్కాలు కానుకలుగా పెట్టి పంపే పెట్టెలు మార్కులు పడేదాకా తెరవకుండా బీరువా మీద ఉండేవి. కొన్ని నెలల తర్వాత ఆమె నా మార్కులన్నీ వరసగా పెట్టి, నవ్వకుండా చెప్పింది: "నీకు అడివి కనవడ్తే చెయ్యి జారుతది పిల్లా. చెట్లున్న ఆట ఏదొచ్చినా ఒక మార్కు ఎక్కువనే ఏసినవ్." చూసుకుంటే నిజమే. ఖానాపూర్ అడవి పక్కన పెరిగినదాన్ని, నా చెయ్యి ఎక్కడ జారుతోందో నాకే తెలియలేదు. ఇక, ఏ గేముకైనా ఏడే ఇస్తే చాలు, కింద వ్యాఖ్యల్లో దాని అభిమానులు మా వంశాన్నంతా తిట్టేవాళ్లు. లోకంలో మార్కులన్నీ ఏడుకూ పదికీ మధ్యనే తిరుగుతుంటే, మిగతా అంకెలెందుకున్నాయో నాకర్థమయ్యేది కాదు. అక్క మాత్రం ఫికర్ పడేది కాదు. "ఐదంటే సగం. సగమంటే తిట్టు గాదు," అనేది.

ఒక మధ్యాహ్నం నాతో ఒక చిన్న గేము ఆడించింది. మామూలుగానే పేరు దాచింది. తెర మీద పొడవాటి రేకుల షెడ్డు. అందులో మరమగ్గాలు. మనుషులు లేరు, మగ్గాలు వాటంతటవే నేస్తున్నాయి. షెడ్డు చివర వెలుగుతున్న అద్దపు బల్ల ముందు ఒక స్త్రీ మనకు వీపు పెట్టి కూర్చుని ఉంది. దగ్గరికి నడిచాను. పక్కకు తిరిగి ముందుకు వెళ్లబోతే షెడ్డే తిరిగింది, నేను మళ్లీ ఆమె వెనకే ఉన్నాను. ఎటు నుంచి పోయినా వీపే. కాసేపటికి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అన్నీ ఆగాక తెర నల్లబడింది. అంతే.

చప్పుళ్లు అద్భుతం, కానీ ఆడడానికి ఏమీ లేదు, నడక నత్తనడక, ముగింపు అర్ధాంతరం. నాలుగు అన్నాను. నా వెనక సుద్ద చప్పుడు ఆగింది. చూస్తే బల్ల అద్దం మీద ఆ రోజు ఒక్క గీతా లేదు. అక్క తెర వైపు కూడా చూడడం లేదు. తన చేతులు చూసుకుంటోంది.

మర్నాడు సమీక్ష రాద్దామని తెర మీది కాగితాలు తీసేసి, అదే గేమును నేనొక్కదాన్నే మళ్లీ తెరిచాను. ముందురోజు తెర నల్లబడ్డాక నేను ఆగలేదు. ఈసారి ఆగాను. అడుగున చిన్న అక్షరాలు వచ్చాయి: 'నరేష్. అక్క కోసం.' తల ఎత్తితే గోడ మీద ఫొటో. అప్పుడు గుర్తుపట్టాను, బల్ల ముందు కూర్చున్న ఆ స్త్రీ ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంది. అక్క భుజం కూడా అంతే. రోజూ నా వెనక కూర్చునే మనిషి, తెరలో నాకు వీపు పెట్టి కూర్చుంది.

నేను పరుగున ఆమె దగ్గరికి వెళ్లి అన్నాను: "అక్కా, నిన్న జర తొందరపడ్డ. మల్ల ఆడి చూసిన. ఏడు ఏద్దాం."

"చీటీ ఇప్పినవా?" అంది. నేను తల వంచుకున్నాను.

"నాలుగు ఆటకిచ్చినవ్. ఏడు నాకిచ్చినవ్. నాకెందుకు మార్కులు?"

కోపంగా కూడా అనలేదు. అదే నన్ను కాల్చేసింది. ఆ గేము సమీక్ష మా సైటులో రాలేదు. ఆ తర్వాత ఆమె నా వెనక స్టూలు వేసుకుని ఎప్పుడూ కూర్చోలేదు. పని ఇచ్చేది, చాయ్ ఇచ్చేది, పలకరించేది. నా వెనక మాత్రం ఖాళీ. మనిషి నమ్మకం పోగొట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ ఖాళీలో తెలిసింది.

ఆమెను చివరిసారి చూసింది కరీంనగర్ ఆసుపత్రిలో. మనిషి సగమైంది. ఆ ఏడాదే పెట్టుకున్న కళ్లద్దాలు, ఒక పక్క విరిగితే నల్లదారంతో కట్టుకుంది. నన్ను మంచం మీదే కూర్చోబెట్టుకుని నరేష్ ఆట ఉన్న పెన్‌డ్రైవ్, తన సుద్దముక్క చేతిలో పెట్టింది.

"ఆట చేసినంక వాడు నన్నే అడిగిండు, ఎన్నిస్తవక్కా అని. ఊరి బట్టలన్నిట్ల తప్పులు వట్టినదాన్ని. వానికి పది ఇచ్చిన. వాడు నవ్వలే. నువ్వు చూడనే లేదు గదా అక్కా అన్నడు. నెల తిరుగకముందే పోయిండు." కాసేపు ఊపిరి తీసుకుంది. "పోయినంక అందరు ఏడ్చిండ్లు. వాని పనిల తప్పు చూసినోళ్లు ఎవ్వలు లేరు. నువ్వొక్కదానివి చూసినవ్, మల్ల తుడిచినవ్. మా సంగతి తెల్వనోళ్లతోని ఆడిపియ్యి. వచ్చిన మార్కే పెట్టు. గప్పుడు నాకు నిమ్మలం."

ఆమె పోయాక ఏడాది దాకా ఆ పెన్‌డ్రైవ్ ముట్టుకోలేకపోయాను. సైటు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. నాతో పనిచేసే కవితది మంథని. అక్క పోయాక చేరింది, ఆమెను ఎన్నడూ చూడలేదు. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ అక్క ఫొటో ఒక్కటీ లేదు, ఆమె దిగనిచ్చేది కాదు. పోయిన నెల ఒక మధ్యాహ్నం తెరకు కాగితాలంటించి, చివరి పేర్లు కూడా కనపడకుండా చేసి, కవితను కూర్చోబెట్టాను. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల మగ్గాలు ఒక్కొక్కటే ఆగడం వినిపించింది. కవిత బయటికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"నాలుగు," అంది. "చప్పుడు మంచిగున్నది. నడుసుడు మస్తు లేటు. చేసేతందుకేం లేదు. కని అక్కా, ఆఖరికి ఆమె ఇటు మల్లి చూసినప్పుడు మాత్రం పానం జల్లుమన్నది."

"ఎవరు చూసింది?"

"బల్ల ముంగట కూసున్నామె. కండ్లద్దాలు వెట్టుకున్నది. ఒక దిక్కు నల్లదారం కట్టి ఉన్నది. బొటనేలు తెల్లగున్నది. జరసేపు నన్ను చూసి, తల ఊపి, మల్ల అటు తిరిగింది. ఎందుకక్కా, గట్ల చూస్తున్నవ్?"

నరేష్ ఆ గేము చేసిన నాటికి అక్కకు కళ్లద్దాలే లేవు.

కవితను పంపించి తలుపేసుకున్నాను. ఒకసారి, రెండుసార్లు, సాయంత్రం దాకా ఎన్నిసార్లో ఆడాను. మగ్గాలు ఆగిపోయాయి, తెర నల్లబడింది. నాకు వీపే కనిపించింది, ఎడమ వైపు వాలిన ఆ భుజమే. ఒక్కసారి అక్కా, ఒక్కసారి తిరిగి చూడు అని తెరతో గట్టిగానే అన్నాను, ఏడ్చాను కూడా. చీటీ విప్పినదాన్ని నేను. నాకెలా కనిపిస్తుంది?

మరుసటి రోజు సమీక్ష పెట్టాను. పేరు నరేష్ అని, మార్కు పదికి నాలుగు అని, తప్పులన్నీ వరసగా. చనిపోయినవాడి మీద ఇంత కఠినమా అని ఎవరో రాశారు. ఇప్పటికీ ఏ గేముకు మార్కు వేయబోయినా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది, ఇది ఆటకా, నాకా, ఇంకెవరికా అని. నిన్న మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. చాలా ఏళ్లకు నా వెనక స్టూలు జరిగిన చప్పుడు కూడా వినిపించింది. ఈసారి నేను తిరిగి చూడలేదు.