ముసుగమ్మ చామంతి

ఆవిడకి ఆ పేరు పెట్టింది నేనే. మొహాన అనే ధైర్యం మాత్రం ఏనాడూ చేయలేదు. బొటానికల్ గార్డెన్‌లో మొక్కల పేర్లు పలకల మీద రాయడం నా ఉద్యోగం. నోరు తిరగని పేర్లు రాసీ రాసీ, మనుషులకి పొట్టి పేర్లు పెట్టడం అలవాటైపోయింది.

ముసుగమ్మ ముప్పై రెండేళ్ళుగా చామంతుల మనిషి. చామంతికి నీళ్ళూ ఎరువూ ఎంత పోసినా చాలదు, రాత్రి పొడుగ్గా, చిక్కగా ఉంటేనే మొగ్గేస్తుంది. అందుకే ఆవిడ సాయంత్రం ఐదింటికల్లా మొక్కలకి నల్లగుడ్డ ముసుగు కప్పి, పొద్దున ఏడింటికి తీసేది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఆవిడ చెప్పే మొదటి పాఠం ఒకటే: "రాత్రి మధ్యలో కాస్త వెలుగు తగిలినా దాని లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. గుర్తుంచుకోండి."

ఆ ఏడు ఆవిడ ప్రాణమంతా ఒక్క మొక్క మీదే పెట్టుకుంది. ఒకే వేరు. ఏడాదిన్నర పాటు కొమ్మకొమ్మనీ వంచి, చువ్వలకి కట్టి, మనిషెత్తు గొడుగులా పెంచింది. అన్నీ కుదిరితే ఒక్కసారే మూడొందల పూలు. ఆ ఏడే ఆవిడ రిటైర్మెంటు. దానికి రెండు నెలల ముందు ముసుగు మొదలుపెట్టి, "ఇది పూశాకే నేను గేటు దాటేది" అని తోటంతా చాటింపు వేసింది.

సరిగ్గా ఆ వారమే లైట్ల షో వచ్చి పడింది. పొద్దుగూకితే చాలు, చెట్లన్నీ ఊదా, నీలం. కొలను మీద వెలుగు చేపలు. జనం తలలెత్తి నోళ్ళు తెరుచుకుని నడిచేవారు, ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకునేవారు. చామంతి షెడ్డుకి అరవై అడుగుల దూరంలో వెదురు పొద, దాని కింద పన్నెండు లైట్లు. వాటిని బిగించిన మేస్త్రీ నెమ్మదస్తుడు, ఎవరరిచినా తిరిగి అరవని మనిషి.

"ఇదుగో మేస్త్రీ, నీ లైట్లు అటు తిప్పు."

"తిప్పేశానమ్మా. మీ షెడ్డు వైపు చుక్క వెలుగు కూడా పోదు."

"ఆ చుక్క చాలు నా కొంప ముంచడానికి!"

ఇక ఆవిడ ఇంటికి పోవడం మానేసింది. షో అయ్యేదాకా కాలుగాలిన పిల్లిలా షెడ్డు చుట్టూ తిరిగేది. కూర్చునేది, లేచేది, గుడ్డ ముడులు తడుముకునేది. మధ్యమధ్యలో కూతురికి ఫోను. ఆ పిల్ల గొంతు నాకు కూడా వినబడేది: "తిన్నానమ్మా, తలుపేశానమ్మా, బతికే ఉన్నానమ్మా. పెట్టెయ్యనా?" పెట్టేసిన పది నిమిషాలకి మళ్ళీ చేసేది. ఆవిణ్ణి చూస్తే నాకూ కాలు నిలిచేది కాదు.

నాలుగో వారానికి మొగ్గలు కనబడాలి. ఐదోది కూడా గడిచింది. ఏ కొమ్మ కొస చూసినా ఆకులే. ఆవిడ సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళి నిప్పులు కక్కింది. ఆయన వెదురు కింది లైట్లు ఆర్పించి, ఈ మేస్త్రీని మార్చమని వాళ్ళ కంపెనీకి ఉత్తరం పెట్టాడు. వారం రోజులు వెదురు పొద చీకట్లో నిలబడింది. మొగ్గ లేదు. అప్పుడావిడ అనుమానం కొలను చేపల మీదికి, గేటు మీది లైటు బోర్డు మీదికి పోయింది. చంద్రుడి మీద ఫిర్యాదొక్కటే మిగిలింది.

మేస్త్రీ నా దగ్గరికొచ్చాడు. "ఎల్లుండి నన్ను పంపించేస్తారట. తప్పు నాదైతే పోతానండి. కానీ అది నా కళ్ళతో చూసి పోతాను."

ఆఫీసులో రెండో తాళంచెవి ఉంది. ఆ సాయంత్రం ఆయన వెదురు కింది వాటితో సహా లైట్లన్నీ వేసేసి, ఆవిడ గేటు దగ్గర కూతురితో ఫోనులో ఉన్న సమయం చూసి, నన్ను వెంటబెట్టుకుని ఆ నల్లగుడ్డ కింద దూరాడు. లోపల కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. బయట పాటలు, పిల్లల కేరింతలు. లోపల సూదిమొనంత వెలుగు లేదు. గంటైంది, రెండైంది. దోమలు పీక్కుతింటున్నాయి, మోకాళ్ళు పట్టేశాయి.

తొమ్మిదింటికి అడుగుల చప్పుడు. గుడ్డ అంచు లేచింది. టార్చిలైటు భగ్గుమంది.

ముసుగమ్మ లోపలికొచ్చి, ఒక్కో కుట్టూ ఒక్కో ముడీ వెలుగు వేసి చూస్తోంది. ఆ వెలుగు కొమ్మలన్నిటి మీదా పారాడుతోంది. "ఎక్కణ్ణించి దూరుతోందే తల్లీ నీకీ వెలుగు?" అంటూ మొక్కతో మాట్లాడుతోంది. టార్చి మేస్త్రీ మొహం మీద పడింది. ఆవిడ కెవ్వుమంది. ఆవిణ్ణి చూసి నేనూ కెవ్వుమన్నాను.

మేస్త్రీ మాత్రం నెమ్మదిగానే అడిగాడు. "రోజూ వచ్చి ఇలాగే చూస్తారా అమ్మా?"

"చూడొద్దూ మరి? నీ లైట్లు..."

ఆయన ఆవిడ చేతిలో టార్చి వంక చూశాడు. నేనూ చూశాను. కాసేపటికి ఆవిడా చూసుకుంది.

టార్చి ఆరిపోయింది. "రోజూ పావుగంట" అంది చీకట్లో. "నేనేనా?"

పొద్దున్నే, నేను పలక చేతిలోకి తీసుకోకముందే, ఆవిడ సూపరింటెండెంటు గదిలో ఉంది. "ఆయన్ని పంపకండి. మొక్కని పాడుచేసింది నేనే" అంది. కూర్చోమన్నా కూర్చోలేదట. బయటికొచ్చి షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టింది. "సాయంత్రం ఐదు, పొద్దున ఏడు. మధ్యలో ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా సరే."

అడిగింది. మూడో రోజు రాత్రే మా ఇంటికి వచ్చి, గుమ్మంలో చీరకొంగు నలుపుతూ, "టార్చి తేలేదు చూడు. ఊరికే చెయ్యి వేసి వస్తాను" అంది. ఇవ్వలేదు. "నీకు పిల్లలుంటే తెలిసేది" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆవిడ సర్వీసులో మిగిలిన పద్నాలుగు రోజులూ అయిపోయాయి. మొగ్గ రాలేదు. దండలు వేసి, ఫొటోలు తీసి పంపించాం. ఆవిడ మొక్క దాకా వెళ్ళి, ఆకులు చూసి, గేటు దాటింది. ఆ తర్వాత ఒక్కసారీ ఫోను చేయలేదు. అస్తమానం ఫోన్లు చేసే మనిషి!

ఇంకో ఆరు వారాలకి అది పూసింది. పసుపు రంగు, గొడుగు నిండా, ఆకు కనబడకుండా. నేనే ఫోను చేశాను.

"పూసిందా?"

"పూసిందమ్మా. మూడొందల పైనే."

"మధ్యలో ఎవరూ చూడలేదు కదూ?"

"లేదమ్మా. ఒక్క రాత్రి కూడా."

"నేను చూడకుండానే పూసిందన్నమాట" అంది.

తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. సంతోషంతోనో, ఉక్రోషంతోనో నేనడగలేదు.