శెట్టి బిగించిన మీటరు

1974 వేసవిలో పాత లారీని ఆదోని నుంచి బళ్లారి దాకా ఒక్కసారి కూడా ఇంజను మరగనీయకుండా నడపడం డ్రైవరు ఉరుకుందప్ప సాధించిన మొదటి గెలుపు. తరువాత రాయచూరు, హుబ్లీ, షోలాపూరు దాకా పోయివచ్చాడు. ఎక్కడా ఆయన బండి పొగలు కక్కలేదు. వేడి చూపే ముల్లు ఎన్నడో పాడైన బండి అది. గంటకోసారి ఆపి, బానెట్టు ఎత్తి, ఇంజను మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి, అవి ఆరేదాకా అంకెలు లెక్కపెట్టేవాడు. పది దాటితే బయలుదేరేవాడు. చుయ్యిమంటే బీడీ ముట్టించేవాడు.

ఏడేళ్లుగా ఈ ఆలస్యం గిట్టక, పోయిన నెల యజమాని శేషగిరి శెట్టి కొత్త మీటరు బిగించి, తానూ బండెక్కి కూర్చున్నాడు. "ఇంక నడిమధ్యలో దిగినావంటే తాళం ఇచ్చి ఇంటికి పో." ఎమ్మిగనూరు దారిలో ముల్లు గబగబా కిందికి జారింది. "చూడప్పా, ఎట్ల సల్లబడిందో," అన్నాడు శెట్టి. కాళ్ల కింద రేకు కాలుతోంది. ఉరుకుందప్ప బండి ఆపి, తాళం శెట్టి ఒళ్లో పెట్టి దిగాడు. గొట్టం పగిలి రేడియేటరు ఎండిపోయి ఉంది. "నీళ్లలో మునిగుంటేనే మీటరు వేడి సెప్పేది సావుకారూ. నీళ్లే లేవు, ఇంగ దేన్ని సూసి సెప్తాది?" శెట్టి నీళ్ల డబ్బా పట్టుకుని పరుగున వచ్చాడు. "ఇప్పుడే పోస్తే కాలే ఇంజను హెడ్డు పగులుతాది. బీడీ అయిపోనీ," అన్నాడు ఉరుకుందప్ప, బీడీ ముట్టించి. శెట్టి డబ్బా కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. నిన్న పత్తిబేళ్లతో బండి బొంబాయికి కదిలేటప్పుడు ఆయన గడువు పెట్టలేదు. తిరిగి వచ్చే తేదీ ఉరుకుందప్పనే చెప్పమన్నాడు. ఇది రాస్తున్నది 1981 డిసెంబరు తొమ్మిది, బుధవారం.