ముడుచుకునే అంచు

పెంకులాయన ఊహ తెలిసినప్పటి నుంచీ చేసింది నీళ్ల కుండలే. నున్నటి పొట్ట, పొట్టి మెడ, తిన్నగా నిలబడే అంచు. తండ్రి కూడా అలాగే చేసేవాడు. ఇంటి వెనక, ఒకప్పుడు కుండలు కాల్చిన ఆవం కూలి దిబ్బయిపోయింది. అందులో ఆకుపచ్చగా మెరిసే పెంకులు దొరుకుతాయని ఊరందరికీ తెలుసు. వాటిని ఏరి, అతికించి, ఆ పాత పనిని మళ్లీ బతికించాలని నడుం కట్టింది మాత్రం ఈయనొక్కడే. పేరు అలా వచ్చింది.

బూడిదతో చేసే ఆకుపచ్చ పూత కొన్నేళ్లకి పట్టుబడింది. అంచే లొంగలేదు. పాత కుండల అంచు బయటికి విచ్చుకుని మళ్లీ లోపలికి ముడుచుకుంటుంది, మాట మింగేసిన పెదవిలా. ఆయన చేస్తే చీలేది. చివరికి దిబ్బలోని పెంకుల్నే దంచి మట్టిలో కలిపాడు. పెంకుల పొడి కలిపితే మట్టి చీలదని ఆ పని తెలిసినవాళ్లెవరైనా చెప్తారు. ఎవరి పెంకులన్నది ఎవరూ అడగరు.

అంచు వచ్చింది.

"టౌన్లో కొట్టావిడ ఎన్నిచ్చినా చాలవంటోంది బావా," అన్నాడు కుండలు మోసుకెళ్లే బావమరిది. "కానీ దిబ్బని మరీ లోతుగా తవ్వకు. ఆవం కూలినప్పుడు లోపలున్న కుమ్మరిని సగమే బయటికి తీశారట."

"మిగతా సగం నీలాగే పని ఎగ్గొట్టి పడుకునుంటుందిలేరా," అంది వాడి అక్క. ముగ్గురూ నవ్వారు.

ఎండలు ముదిరాక ఇంట్లో నీళ్ల కుండ పగిలింది.

"ఒక మామూలు కుండ చేసిపెట్టవయ్యా. నీ మెరుపు కుండల్లో నీళ్లు చల్లబడి చావవు," అంది భార్య.

అదెంతసేపని సారె ముందు కూర్చున్నాడు. పొట్ట వచ్చింది, మెడ వచ్చింది. అంచు నిలబెట్టబోతే బొటనవేలు దానంతటదే బయటికి వంచింది, చూపుడువేలు లోపలికి మడిచింది. నలిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే. మధ్యాహ్నానికి సారె చుట్టూ నలిపిన ముద్దలే.

"ఇంటి కుండకి కూడా సోకులా?"

"నేను కాదే."

"మరెవరు, మీ నాన్నా?"

ఆయన నవ్వలేదు. మరిచిపోయిన పనైతే గుర్తు తెచ్చుకోవచ్చు. ఇది ఎవరో చేతిలోంచి తీసేసుకున్నట్టుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న ఆ ఒక్క రకం కుండ కూడా ఇక చెయ్యలేకపోతే, ఈ చేతులు ఎవరివి?

"మట్టి మార్చి చూడు," అందామె. కాలవ గట్టు నుంచి కొత్త మట్టి తెచ్చాడు. పెంకుల పొడి ఊసెత్తకుండా ఇసక కలిపి, ఎప్పట్లాగే ఆమే కాళ్లతో తొక్కింది. మర్నాడు మెడ దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత వేళ్లు వాటి దారిన అవి పోయాయి.

"పక్కకి జరుగు. ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నా, అంచు నిలబెట్టడం ఏం బ్రహ్మవిద్య?" మట్టి తొక్కడమే తప్ప సారె ఏనాడూ ముట్టనిది, కొంగు బిగించి కూర్చుంది. ఆయన తిప్పాడు.

కొత్తవాళ్ల చేతిలో మట్టి ఊగుతుంది, ఒక పక్కకి వాలుతుంది. ఆమె చేతిలో ముద్ద నిటారుగా లేచింది. పొట్ట, మెడ. అంచు విచ్చుకునే దాకా ఆమె నవ్వుతూనే ఉంది.

"చెయ్యి తియ్యవే."

"తీస్తున్నా," అంది. "రావట్లేదు."

ఆయన సారె ఆపేశాడు. కుండ ఒరిగిపోయింది. ఆమె చేతులు మాత్రం ఖాళీ గాల్లో, లేని కుండ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. ముందుకి వంగి ఆమె మణికట్లు గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఆగాయి.

"ఆగాయిగా. ఇక వదులయ్యా, నొప్పి పుడుతోంది."

వదులుదామనే అనుకున్నాడు. ఆయన బొటనవేలు మణికట్టు మీది చర్మాన్ని మెల్లగా బయటికి వంచుతోంది.