జేబు లేని చొక్కా

జైల్లో అతణ్ణి అందరూ టేపు మామ అనేవారు. మెడలో కొలతల టేపు లేకుండా అతణ్ణి చూసినవాళ్లు లేరు. తాగిన కోపంలో ఒక మనిషి ప్రాణం తీసి, యావజ్జీవ శిక్ష పడి, పద్నాలుగేళ్లుగా అక్కడి కుట్టుగదిలో ఖైదీల బట్టలు కుడుతున్నాడు. పోయిన మనిషి మాట ఎవరైనా ఎత్తితే మిషను ఆపి తల దించుకునేవాడు. మిగతా వేళల్లో అతని నోరూ ఆగదు, మిషనూ ఆగదు.

మొదటిసారి పెరోల్ మీద పది రోజులు ఇంటికి పంపారు. పదో రోజు ఇంటాయన వెంట వచ్చి, మళ్లీ పంపినా మా ఇంట్లో ఉంచుకుంటానని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఇక పెరోల్ ఊసే ఉండదు. ఇంటాయనంటే అక్క మొగుడు. అక్క పోరు పడలేక ఈసారికి సరేనన్నాడు గానీ, బావకు అతను గుమ్మం తొక్కడమే ఇష్టం లేదు. అన్నం తినేటప్పుడు కూడా పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

టేపు మామ తెల్లారకముందే పక్క చుట్టేసి జైల్లో తలలు లెక్కపెట్టే వేళకు నిలబడ్డట్టే గోడవారన నిటారుగా నిలబడేవాడు.

"ఇక్కడ నిన్ను లెక్కపెట్టేవాళ్లెవరూ లేరు, కూర్చోరా" అనేది అక్క.

ఆరో రోజు అమ్మ కుట్టుమిషను మీద దుప్పటి తీశాడు. అమ్మ పోయినప్పుడు జైలువాళ్లు అతణ్ణి రానివ్వలేదు. మిషనుకు నూనె వేసి, చక్రం తిప్పి చూశాడు. బావను కొలతలడిగే ధైర్యం లేక, ఆరేసిన చొక్కా చూసి కొత్తది కుట్టాడు. భుజాలు అతికినట్టు కుదిరాయి.

పదో రోజు అక్క ఆ చొక్కానే చేతిలో పెట్టి హడావిడి చేస్తే, బావ తొడుక్కుని బయల్దేరాడు. జైలు ఆఫీసులో గుమాస్తా ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. కలం ముట్టుకోలేదు. ఆలోచించి చెబుతానంటూ, కళ్లద్దాలు తీసి అలవాటుగా జేబులోకి జారవిడిచాడు.

అవి టప్పున నేలమీద పడ్డాయి. ఒక అద్దం బీట వారింది.

బావ రొమ్మంతా తడుముకున్నాడు. "జేబేదోయ్?"

టేపు మామ వంగి కళ్లద్దాలు తీసి ఇచ్చాడు. "ఖైదీల చొక్కాలకు జేబులుండవు బావా. చెయ్యి అలా అలవాటైపోయింది."

గుమాస్తా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బావ చొక్కా కేసి చూసుకున్నాడు, కిటికీ ఊచల కేసి చూశాడు.

"అంటే నాకు ఖైదీ చొక్కా తొడిగి మరీ జైలుకు తీసుకొచ్చావన్నమాట."

అంటూనే అతని పొట్ట కదిలింది. పది రోజుల్లో బావ నవ్వడం అదే మొదలు. బీట వారిన కళ్లద్దాలే పెట్టుకుని, కాగితం మీద సంతకం గీశాడు.

"వచ్చేసారి వచ్చి దీనికి జేబు కుట్టు. అందాకా మళ్లీ తొడుక్కోను."

టేపు మామ మెడలోంచి టేపు తీసి, అక్కడే ఎడమ రొమ్ము మీద జేబుకు కొలత పెట్టాడు. బావ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.