విప్పి చూపిస్తానన్న చాచా

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో హార్మోనియంలు, బ్యాంజోలు, గిటార్లు బాగుచేసే చాచా పోయారు. ఆ సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. మా పెళ్ళిళ్ళ బ్యాండులో కీబోర్డు వాయించే అతను ఫోన్ చేసి, "నీకు తెల్వదా? నువ్వు ఆయనకు మస్తు దగ్గర గదా," అన్నాడు. ఎప్పుడు పోయారో మాత్రం అడిగి ఫోన్ పెట్టేశాను. చాచా గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ నేను చేసింది చెప్పుకోకుండా అవి రాసే ముఖం నాకు లేదు.

నేను కంచన్‌బాగ్‌లో ఒక కారఖానాలో పనిచేస్తాను. సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. అది పాతది, ఎవరో వాడి అమ్మేస్తే కొన్నది. తీగల కింద పికప్ అని ఒకటి ఉంటుంది. తీగ కదలికను పట్టుకుని స్పీకరుకు పంపే చిన్న అయస్కాంతపు పెట్టె. నా గిటార్‌లో అది వదులై, చెయ్యి తగిలినప్పుడల్లా లోపలికి కుంగేది. స్క్రూ బిగించి బిగించి దాని తల అరగదీసి, పదేళ్ళ కిందట మొదటిసారి చాచా దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నా చేతిలోని స్క్రూడ్రైవర్ మెల్లగా తీసుకుని, "బలం చూపియ్యకు బేటా, గిది కుక్కర్ మూత గాదు," అన్నారు.

తప్పు స్క్రూది కాదట. పికప్ కింద దాన్ని పైకి ఎత్తిపట్టే స్ప్రింగులు చచ్చిపోయాయట. చాచా మందుల షాపులో దొరికే రబ్బరు గొట్టాన్ని బ్లేడుతో చిన్న ముక్కలు కోసి, ఒక్కో స్క్రూకు ఒక్కటి తొడిగి బిగించారు. తర్వాత తీగకూ పికప్‌కూ మధ్య అగ్గిపుల్ల పెట్టి చూశారు. అది దూరేంత సందు ఉండాలి. "తీగకు మరీ దగ్గరైతే లొల్లి చేస్తది గని పాడది," అనేవారు.

విప్పిన స్క్రూలను చాయ్ సాసర్‌లో వేసుకోవడం ఆయన అలవాటు. ఒకసారి మరచిపోయి దాంట్లోనే చాయ్ పోసుకున్నారు. స్క్రూ పంటికి తగిలితే, షక్కర్ గట్టిగుందని ఆయనే నవ్వారు.

అన్నిటికంటే ముఖ్యమైన కాయిదా, ఆయన తనకు పెట్టుకున్న నియమం, ఇంకొకటి ఉండేది. వాయిద్యం ఎవరిదో వాళ్ళు ఎదురుగా ఉంటేనే విప్పేవారు. వదిలేసి పోతామంటే ఎంత పెద్దవాళ్ళదైనా ముట్టుకునేవారు కాదు. లోపలి సామాను మార్చేశారన్న మాట ఈ పనిలో ఊరికే పుడుతుంది, పుట్టాక చావదు అనేవారు.

రెండేళ్ళ కిందట పికప్ మళ్ళీ వదులైంది. మర్నాడే ఒక పెళ్ళిలో వాయించాలి, ఆ రోజేమో నాకు డ్యూటీ. వదిలి వెళ్తానన్నాను. చాచా ఒప్పుకోలేదు. బతిమాలాను. చివరికి గిటార్ తీసుకుని, "నువ్వు గాబట్టి పెట్టుకుంటున్న," అన్నారు. ఆ మాట అప్పుడు నాకు తీపిగానే ఉంది.

పెళ్ళిలో గిటార్ శబ్దం తగ్గింది. బ్యాండులో పక్కనున్న ఒకడు, చాచా అసలు పికప్ తీసి డూప్లికేట్ పెట్టి ఉంటాడని నవ్వాడు. వాడు ఆ మాట అనేసి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. పొద్దున్నే షాపుకు వెళ్ళి, ఇద్దరు గిరాకీలు వింటుండగా అసలు పికప్ ఏదని అడిగాను. చాచాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "కూర్చో బేటా. నీ ముంగట్నే విప్పుత, చూస్కో," అన్నారు.

నేను కూర్చోలేదు. "ఇప్పుడు విప్పి ఏం ఫాయిదా చాచా, మార్చేది మార్చిన్రు గద," అన్నాను.

చాచా చేతిలో ఉన్న హార్మోనియం పలకను పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతులు ఖాళీగా ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

వారం తర్వాత ఇంట్లో నేనే విప్పాను. నా పికప్పే. నా స్క్రూడ్రైవర్ జారి పడిన పాత గీత దాని మీద అలాగే ఉంది. కింద కొత్త రబ్బరు ముక్కలు నీటుగా ఉన్నాయి. చాచా దాన్ని సరైన ఎత్తులో పెట్టారు. అంతకుముందు అది కుంగుతోందని నేను తీగకు మరీ దగ్గరగా ఎక్కించి పెట్టుకున్న మోతకు నా చెవి అలవాటు పడింది. అంతే. ఆ రోజే పోయి కాళ్ళు పట్టుకోవలసింది. రేపు, ఎల్లుండి అనుకున్నాను. తర్వాత సైదాబాద్ మీదుగా చుట్టు తిరిగి పోవడం నేర్చుకున్నాను. ఒకసారి మార్కెట్లో కొత్తిమీర బేరం చేస్తూ చాచా కనిపించారు. ఆయనే ముందుగా సలాం అని చెయ్యి ఎత్తారు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి పక్కకు తిరిగాను. మాట అన్నందుకంటే ఆ తిరిగినందుకు ఇప్పుడు ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఫోన్ వచ్చిన మర్నాడు షాపుకు వెళ్ళాను. స్కూల్లో లెక్కలు చెప్పే చాచా కూతురు, మిగిలిన వాయిద్యాలు ఎవరివి వాళ్ళకు ఇవ్వడానికి సర్దుతోంది. బల్ల మీద విప్పిన గిటార్ ఒకటి, పక్కన పళ్ళెంలో దాని పికప్ బోర్లా పడి ఉంది. దాని అడుగున నల్ల స్కెచ్‌పెన్నుతో ఒక అమ్మాయి పేరు, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. ఇదేంటని అడిగాను.

"రెండేండ్ల సంది మా అబ్బాజాన్ గిట్లనే చేస్తుండె అన్నా. వాళ్ళ ముంగట్నే పికప్ విప్పి, దాని కింద వాళ్ళ చేతనే పేరు రాయించినంకనే షాపుల పెట్టుకుంటుండె. ఎవరో ఏదో అన్నరంట. ఎవరని ఎంత అడిగినా చెప్పలే."

బ్యాంజో లోపల, హార్మోనియం పలకల వెనక కూడా పేర్లు ఉన్నాయి. తెలుగులో, ఉర్దూలో. ముక్కూమొహం తెలియని వాళ్ళంతా నా అనుమానానికి సంతకం పెట్టి పోయారు.

"అన్నది నేనే చెల్లె," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. పర్వాలేదనీ అనలేదు. పళ్ళెం నా వైపు జరిపింది.

"ఆ పిల్ల రెండుసార్లు ఫోన్ చేసింది. మీకొస్తది గద, బిగియ్యుండ్రి. నేను చూస్త."

రబ్బరు గొట్టం తీసుకుని కోశాను. మొదటి ముక్క వంకరగా తెగింది. రెండోది స్క్రూకు తొడుగుతుంటే వేళ్ళలోంచి జారి కిందపడింది. బల్ల కింద వెతికి పట్టుకుని లేచేసరికి, ఆమె అక్కడే నిలబడి నా చేతుల వంకే చూస్తోంది.