పాకాల తర్వాత రవణమ్మ

మా మాటల టీచరమ్మ పోయింది. సోమవారం పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే ఆమె చెల్లెలు తిరుపతి నుంచి ఫోన్ చేసింది. "అక్క నిద్దర్లోనే పోయిందన్నా. నాకు నోరు రావడంల్యా. అక్క కాడికి పాఠానికి వచ్చే వాళ్లందరికీ నువ్వే చెప్పాల," అని పెట్టేసింది. నోట్లో నురుగుతో అట్లాగే నిలబడిపోయాను. కబురు చెప్పే పని నాకు అప్పగించారు, చూడండి, నాకు!

నన్నెరగని వాళ్ల కోసం చెబుతాను. నేను తిరుపతి-చిత్తూరు బస్సులో కండక్టరుగా చేసినవాణ్ణి. నోరే నా బతుకు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, గడపలో చెప్పులు విప్పుతూ విప్పుతూ కుడిపక్కకి ఒరిగిపోయాను. పక్షవాతం. కొన్నాళ్లకి చెయ్యీ కాలూ మెల్లగా దారికొచ్చాయి గాని మాట రాలేదు. దాహమని తెలుసు, ఎదురుగా ఉన్నది నీళ్ల చెంబని తెలుసు, అది పట్టుకు నిలబడింది నా పెళ్లామని తెలుసు. దేని పేరూ నోటికి రాదు. ఇంట్లో వాళ్లు చంటిపిల్లాడికి చెప్పినట్టు "నీ...ళ్లు, అనండీ" అంటుంటే ఒళ్లు మండిపోయేది. ఒకరోజు గ్లాసెత్తి గోడకేసి కొట్టాను. ఇంక ఈ జన్మకి నోరు లేనట్టేనేమో అన్న భయం తప్ప ఆ రోజుల్లో నాకు మరేమీ గుర్తులేదు.

అప్పుడు తెలిసినవాళ్లు ఈ టీచరమ్మ ఇంటికి పంపారు. ఆసుపత్రిలో మాటలు నేర్పే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఇంటి ముందుగదిలో పాఠం చెప్పేది. పొట్టిగా, గడియారం కుడిచేతికి పెట్టుకుని, ఎదురుగా వేయించిన చెనిక్కాయల గిన్నెతో కూర్చునేది. ఒలిచిన పప్పులు తాను తినేవి తక్కువ, మా వైపు తోసేవి ఎక్కువ. నా తల స్కానింగు ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"సూడప్పా, మాటలు ఏరి కూర్చే తావు ఇది. ఇది చెడిపోయింది. మళ్లా మొలవదు, నీకు అబద్ధం చెప్పను. అయితే పాటకీ, రోజూ నోటెంబడి వచ్చే మాటలకీ వేరే దారులు కూడా ఉండాయి. అవి బాగుండాయి. మనం ఆడనుంచి వద్దాం."

నా భార్య వైపు తిరిగి, "బస్టాండులో ఈయప్ప ఎట్టా అరుస్తాడు?" అని అడిగింది. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నేనెట్టా అరిచేదమ్మా!" అని సిగ్గుపడిపోయింది. టీచరమ్మ లేచి నిలబడి, నోటి పక్కన చెయ్యి పెట్టి, అచ్చం మా కండక్టర్లలాగే "చంద్రగిరీ... చంద్రగిరీ..." అని కేకేసింది. నాకు తెలియకుండానే నా నోరు అందుకుంది: "పాకాలా పూతలపట్టూ చిత్తూరూ చిత్తూరూ, రైట్ రైట్!"

మా ఆవిడ భోరుమంది. పోయిందంతా తిరిగొచ్చేసిందనే అనుకున్నాను నేను కూడా. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "ఇప్పుడు రెండో ఊరి పేరు ఒక్కటే చెప్పు" అంది. నోరు తెరిచాను. ఏదీ? పాకాల లేదు, గీకాల లేదు.

"దిగులు పడొద్దబ్బా. వరసంతా ఒక తాడు. కొస లాగితే మొత్తం వస్తాది. నడిమధ్యలోది విడిగా తీసుకునేది నేర్చుకోవాల, అంతే."

అంతే అంది గాని, ఎంత పని చేయించిందో! నా ఎడమచేతిని బల్ల మీద పెట్టి, ఒక్కో అక్షరానికి ఒక్కో తట్టు తడుతూ, సగం పాటగా, సగం మాటగా అనిపించేది. విసుక్కుంటే చెనిక్కాయలు పెట్టేది. ఇంకా విసుక్కుంటే గిన్నె వెనక్కి లాక్కునేది. కొన్నాళ్లకి పూతలపట్టు తీసేసి ఆ తావులో మా ఆవిడ పేరు దూర్చింది. చంద్రగిరీ, పాకాలా, రవణమ్మా, చిత్తూరూ!

"బాగుండాదమ్మా!" అంది మా ఆవిడ. "ఇన్నేండ్లలో ఏమే, ఒసే తప్ప పేరుతో పిలిచింది లేదు. ఇప్పుడు పిలిచి పాకాల దాటినాక రోడ్డు మీద దించేసినాడు!" టీచరమ్మకి నవ్వాగక చెనిక్కాయ పప్పు గొంతుకి అడ్డం పడింది. మేమిద్దరం వీపు తట్టాల్సి వచ్చింది.

తర్వాత ముందు నుంచి చంద్రగిరి తీసేసింది, వెనక నుంచి చిత్తూరు తీసేసింది. ఆఖరికి పాకాల కూడా తీసేస్తే పేరు ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం మా వాకిట్లో కూర్చుని "రవణమ్మా" అన్నాను. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఒకసారి మా అబ్బాయి, మెదడు ఎలా కావాలంటే అలా మారిపోతుందని ఫోన్లో ఏదో చూసి వచ్చి చెప్పాడు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "ఎట్టంటే అట్టా మారేదానికి అదేమన్నా పిండా నాయనా? లోపల తీగలు ఎట్టా పరిచి ఉండాయో ఆ ప్రకారమే అది పని చేస్తాది. కానీ ఆ ఉండే దారుల్లోనే ఎన్ని తిరుగుళ్లు తిరగొచ్చో ఎవురికీ తెలీదు. నీ నాయన్ని చూస్తాండావు గదా." ఆమె నాకు ఎన్నడూ గొప్ప ఆశలు పెట్టలేదు. ఉన్నదేదో చూపించి, దాంతో చెయ్యగలిగిందంతా చేయించింది. ఈ నాలుగు ముక్కలూ నేను చెబుతుంటే మా అబ్బాయే రాస్తున్నాడు. ఇప్పటికీ నా మాటలో రాగం పోలేదు, అంగట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి.

సోమవారమంతా ఫోన్లు చేశాను. పాఠాలకి వచ్చిన వాళ్లలో ఆఖరున పలమనేరు ఆమె మిగిలింది. ఆవులు పెట్టుకుని పాలు పోసుకునే మనిషి. నాలాగే పడిపోయాక ఆమెకి "అదే" అన్న ఒక్క మాటే మిగిలింది. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. రెండో మాట రప్పించాలని టీచరమ్మ ఎంతో పాటుపడింది. అది చూడకుండానే పోయింది.

కూతురు ఫోన్ ఎత్తి ఆమె చెవి దగ్గర పెట్టింది. నా ఎడమచేత్తో మోకాలి మీద తట్టుకుంటూ చెప్పాను: "టీచరమ్మ... పోయింది... తల్లీ."

"అదే... అదే... అదే..." ఒకటే ఏడుపు. కాసేపటికి ఏడుపు ఆగింది. గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. వాకిట్లోకి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, ఎక్కడా తడబడకుండా అడిగింది:

"అన్నం తింటివా అన్నా?"

తినలేదు. తెల్లారినప్పటి నుంచీ ఏమీ తినలేదు. "ఇంకా లేదు తల్లీ" అన్నాను. అవతల మళ్లీ "అదే... అదే..." మొదలైంది. ఆమె వెనక ఎక్కడో ఆవు మెడలో గంట మోగుతోంది. ఆమె పెట్టలేదు ఫోను, నేనూ పెట్టలేదు.